హాలీయా? కల్దారా?

ప్రభుత్వము నాణెమును ముద్రించును. దానిపై పేరును, విలువను, సంవత్సరమును చెక్కించును. కాని ఆ నాణెము అంగడికి రాగానే ప్రజలు దానికి మరియొక పేరు పెట్టుదురు. ఆ పేరు చట్టములో ఉండదు. ఖజానా లెక్కలలోను ఉండదు. కూరగాయలమ్ము స్త్రీ నోటను, కూలి లెక్క చూచుకొను పనివాని నోటను, సంతకు పోవు పిల్లవాని నోటను అది నిలిచియుండును. ప్రభుత్వము నాణెమును రద్దు చేయగలదు గాని ఆ పేరును రద్దు చేయజాలదు.

ఊళ్ల పేర్ల విషయము కూడ ఇట్టిదే. 1890వ సంవత్సరమున ఆరవ నిజామైన మీర్ మహబూబ్ అలీఖాన్ పేర పాలమూరునకు మహబూబ్‌నగరమను నామమిడిరి. కాగితములపై ఆ పేరు స్థిరపడినది. ప్రజల నోట మాత్రము నేటికిని పాలమూరు పాలమూరే. నాణెములకును ఇట్లే రెండేసి పేర్లు కలవు: ఒకటి ఏలువారు పెట్టినది, రెండవది వాడువారు పెట్టినది. ఈ రెండవ పేర్లలో ఎంతటి చరిత్ర దాగియున్నదో నల్లగొండ, పాలమూరు సీమల చరిత్రను చూచిన తెలియగలదు.

ముందుగా ధనమునకు తెలుగువారు వాడు మాటలనే చూతము. నల్లగొండ, పాలమూరు పల్లెలలో ధనమును "పైసలు" అందురు. కోస్తా జిల్లాలలో "డబ్బులు" అందురు. రాయలసీమలో పలుచోట్ల "దుడ్డు" అందురు. ఈ మూడు మాటలును మొదట చిన్న నాణెముల పేర్లే. బంగారు వరహా ధనవంతుని పెట్టెలో నుండెడిది. బీదవాని చేతికి ప్రతిదినము తగులుచుండినవి రాగి పైసయు, రాగి డబ్బును మాత్రమే. అందుచేత ఆ చిన్న నాణెము పేరే సమస్త ధనమునకును పేరైనది. లక్షాధికారి సంపదను గూర్చి చెప్పునప్పుడు కూడ "వానికి పైసలకేమి కొదువ!" అనియే అందురు. కాకతీయుల కాలపు శాసనములలో గద్యాణము, మాడ, రూక అను నాణెముల పేర్లు కనబడుచున్నవి. వానిలో గద్యాణమును, మాడయు వాడుకనుండి తొలగిపోయినవి. రూక మాత్రము "రూకలు" అను మాటగా చాలకాలము నిలిచినది.

ప్రజలు ఈ పేర్లను ఊరక పెట్టలేదు. నాణెముపై కంటికి కనబడు గుర్తునుబట్టి కొన్ని పేర్లు కలిగినవి. వరాహమూర్తి ముద్రగల బంగారు నాణెము "వరహా" అయినది. నడుమ రంధ్రముతో 1943 మొదలు 1947 వరకు ముద్రితమైన పైస "చిల్లికానీ" అయినది. రంగునుబట్టి కొన్ని పేర్లు కలిగినవి. ఏమియు లేనివాడు "నాయొద్ద ఎర్ర ఏగానీ కూడ లేదు" అనును. ఎరుపు రాగి రంగు. ఏగానీ అణాలో అతిస్వల్పమైన భాగము. ఆశ్చర్యకరమైన సంగతి యేమనగా, ఏడు సముద్రముల కావలనున్న అమెరికా దేశస్థులు కూడ ఇదే సందర్భమున "ఎర్ర సెంటు కూడ లేదు" అందురు. వారి సెంటు కూడ పూర్వము రాగిదే. ఒకరినొకరు ఎరుగని రెండు జాతుల బీదవారు ఒకే రీతిగా ఆలోచించిరి!

అమెరికాలో అంతర్యుద్ధకాలమున, 1861వ సంవత్సరము మొదలుకొని, వెనుకప్రక్క ఆకుపచ్చని సిరాతో ముద్రించిన నోట్లు బయలుదేరినవి. ప్రజలు వానికి "గ్రీన్‌బ్యాక్" అని పేరు పెట్టిరి; పచ్చని వీపుగలదని దాని యర్థము. పూర్వము పది డాలర్ల నోటుపై పదియను సంఖ్యను రోమను అంకెలో గుణకారపు గుర్తువలె ముద్రించెడివారు. అది దుంగలను ఆనించి కోయు కొయ్యబల్ల కాళ్లవలె కనబడుటచే, ఆ బల్ల పేరగు "సాబక్" అను మాటయే నోటునకును పేరైనది. ఇంగ్లండులో ఐదు పౌనుల నోటును "ఫైవర్" అనియు, పది పౌనుల నోటును "టెన్నర్" అనియు, పౌనును "క్విడ్" అనియు అందురు. ఇవి ఏవియు బ్యాంకు పెట్టిన పేర్లు కావు. అన్నియు అంగడిలో పుట్టినవే.

తెలంగాణమున ఇట్టి పేర్లు పుట్టుటకు మరియొక కారణము కూడ కలదు. ఇచ్చట ఒకే కాలమున పలువిధములైన నాణెములు చెల్లుచుండెడివి. పందొమ్మిదవ శతాబ్ది పూర్వభాగమున గద్వాల, వనపర్తి, నారాయణపేటలకు సంబంధించిన స్థానిక నాణెములుండెడివి. ఒక ఊరి రూపాయి మరియొక ఊరిలో అదే విలువకు చెల్లునను నమ్మకము లేదు. బరువు వేరు, వెండి పాలు వేరు. అందువలన రూపాయి అని ఊరకుండుట చాలదు. ఏ రూపాయియో చెప్పవలెను. నాణెమునకు ఇంటిపేరువంటి మరియొక మాట అవసరమయ్యెను.

తరువాతికాలమున స్థానిక నాణెములు తొలగిపోయి రెండు రూపాయలు ప్రధానముగా నిలిచినవి. నిజాము ప్రభుత్వపు రూపాయి ఒకటి; ఆంగ్ల ప్రభుత్వపు రూపాయి రెండవది. ప్రజలు మొదటిదానిని "హాలీ" అనియు, రెండవదానిని "కల్దారు" అనియు పిలిచిరి. "హాల్" అనగా వర్తమానకాలము. "సిక్కా" అనగా ముద్రగల నాణెము. కావున హాలీ సిక్కా అనగా ఇప్పుడు చెల్లుచున్న నాణెమని యర్థము. "కల్" అనగా యంత్రము. కల్దారు అనగా యంత్రముతో చేసినది. హైదరాబాదు రూపాయిని చేతి సుత్తెతో కొట్టి చేయుచున్న కాలమున, ఆంగ్లేయుల రూపాయి యంత్రములో తయారై గుండ్రని యంచుతో మెరయుచు వచ్చుచుండెను. ఆ భేదమే దానికి పేరైనది.

కొంతకాలమునకు హైదరాబాదులో కూడ యంత్రపు నాణెములు బయలుదేరినవి. మొదట వచ్చినవానిని "చర్ఖీ" నాణెములనిరి. చర్ఖీ అనగా చక్రము. 1903వ సంవత్సరమున సైఫాబాదులో టంకశాల స్థాపితమైనది. అచ్చట తయారైన నాణెములపై చార్మినారు చిత్రమును ముద్రించిరి. ఏడవ నిజామైన మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున వానికి "ఉస్మానియా సిక్కా" అని ప్రభుత్వము పేరు పెట్టినది. ఇప్పుడు రెండు రూపాయలును యంత్రములో చేసినవే! అయినను "కల్దారు" అను పేరు ఆంగ్లేయుల రూపాయికే మిగిలెను; "హాలీ" అను పేరు నిజాము రూపాయికే మిగిలెను. పేరునకు కారణమైన భేదము పోయినది, పేరు మాత్రము పోలేదు.

చదువురానివారు ఈ రెండింటిని ఎట్లు గుర్తించిరి? నాణెముపైనున్న బొమ్మను చూచి గుర్తించిరి. చార్మినారు ఉన్నది హాలీ. ఆంగ్ల చక్రవర్తి తల ఉన్నది కల్దారు. అక్షరము రానివానికి ఆ బొమ్మయే అక్షరము.

ఈ రెండింటి విలువలలోని భేదము స్వల్పమైనది కాదు. పూర్వపు ఉస్మానియా రూపాయి బరువు 11.178 గ్రాములు. అందులో వేయి పాళ్లకు 818 పాళ్లు వెండి. లెక్కించిన, సుమారు 9.14 గ్రాముల వెండి యుండును. అదేకాలపు ఆంగ్ల ప్రభుత్వపు రూపాయి బరువు 11.664 గ్రాములు. అందులో పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు వెండి. అనగా సుమారు 10.69 గ్రాములు. ఏడు హాలీ రూపాయలలోని వెండి, ఆరు కల్దారు రూపాయలలోని వెండి దాదాపు సమానము. కావుననే ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు అను మారకము ఏర్పడినది. నూరు కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. ఈ సంఖ్య వింతగా తోచవచ్చును. కాని ఏడువందలను ఆరుచే భాగించి, అణాకు పండ్రెండు పైల చొప్పున శేషమును మార్చి చూచినచో సరిగా ఇదియే వచ్చును.

ఇక ఈ భేదము సామాన్యుని బ్రతుకును ఎట్లు తాకెనో చూతము. నల్లగొండ సీమ తూర్పు సరిహద్దు దాటగనే ఆంగ్లేయుల మద్రాసు రాష్ట్రము. సూర్యాపేట, కోదాడల మీదుగా బెజవాడకు పోవు బాటపై జగ్గయ్యపేట ఆ రాష్ట్రములోనిది. కృష్ణ దాటిన మాచర్లయు ఆ రాష్ట్రములోనిదే. సరిహద్దుకు ఈవల హాలీ, ఆవల కల్దారు. ఒక రైతు తన యెడ్లజతను 70 రూపాయలకు అమ్ముటకు ఒప్పుకొనెననుకొందము. అతడు కల్దారు అనుకొనెను. కొన్నవాడు హాలీ యిచ్చెను. రైతు చేతికి వచ్చినది 60 కల్దారు రూపాయల విలువ మాత్రమే. ఒక్కమాట అడుగనందుకు పది రూపాయలు నష్టము.

అప్పు విషయమున ఇది మరింత ప్రమాదకరము. ఒకడు 60 హాలీ రూపాయలు అప్పు తెచ్చుకొనెననుకొందము. పత్రములో "రూపాయలు 60" అని మాత్రమే వ్రాసియున్నచో, ఋణదాత రేపు "ఇది కల్దారు" అని వాదింపవచ్చును. అప్పుడు వడ్డీ గాక అసలే 70 హాలీ రూపాయలు తీర్చవలసి వచ్చును. ఇట్టి వివాదములకు తావులేకుండ లెక్కలలోను పత్రములలోను ఏ సిక్కాయో వ్రాయుట ఆచారమైనది. ప్రభుత్వపు కాగితములలో ఉస్మానియా సిక్కాకు "ఓ. ఎస్." అనియు, ఆంగ్ల ప్రభుత్వపు రూపాయికి "బి. జి." అనియు గుర్తులు వాడుచుండిరి. చదువుకొన్నవారికి ఈ పొడియక్షరములు రక్ష, చదువు లేనివారికి "హాలీయా? కల్దారా?" అను ప్రశ్నయే రక్ష. ఆనకట్టల పనులకును కాలువల పనులకును పరప్రాంతములకు వలసపోవుట పాలమూరు కూలీలకు ఎరిగిన విషయము. అట్టివారికి నెలకు ఏడు రూపాయల కూలి కుదిరినచో, ఆ యేడును హాలీయా, కల్దారా అనునది ఒక రూపాయికిపైగా తేడా. ఆ రోజులలో పేదకుటుంబమునకు రూపాయి చిన్న మొత్తము కాదు.

ఇంతలో కాగితపు నోటు వచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున వెండికి కరువు కలిగెను. ఆంగ్ల ప్రభుత్వము 1917వ సంవత్సరము నవంబరులో ఒక రూపాయి నోటును బయలుదేరదీసినది. హైదరాబాదు ప్రభుత్వము 1918వ సంవత్సరమున చట్టము చేసి స్వంత నోట్లను జారీచేసినది. ఆ నోట్లపై ప్రధానముగా ఉర్దూ. దానితోపాటు తెలుగు, మరాఠీ, కన్నడము, ఆంగ్లము అను భాషలలో కూడ విలువను ముద్రించిరి. సంస్థానములోని ప్రజల భాషలకు ఆ చిన్న కాగితముపై కొంత చోటు దొరకినది.

వెండి రూపాయిని రాతిపై మ్రోగించి మంచిదో చెడ్డదో తెలిసికొనవచ్చును. కాగితమును మ్రోగించుట యెట్లు? దానికి విలువ యిచ్చునది వెండి కాదు, ప్రభుత్వము చేయు వాగ్దానము. ప్రజలు దానికి పెట్టుకొన్న పేరు కూడ ఈ సంగతినే తెలుపుచున్నది. "నోటు" అను మాటకు మన పల్లెలలో రెండర్థములు కలవు. చేతిలో చెల్లు కాగితపు ధనము ఒకటి. అప్పు తీసికొన్నవాడు వ్రాసియిచ్చు ఋణపత్రము రెండవది. "నోటు తీసి కూరగాయలు కొన్నాడు" అన్నచో మొదటి యర్థము. "నోటు వ్రాసియిచ్చి అప్పు తెచ్చినాడు" అన్నచో రెండవ యర్థము. ఆలోచించి చూచిన ఈ రెండును ఒకటియే. రెండును "ఇంత మొత్తము చెల్లింతును" అను వాగ్దానములే. ఒకదానిపై బ్యాంకు గవర్నరు సంతకముండును. మరియొకదానిపై రైతు వ్రేలిముద్ర యుండును.

1948వ సంవత్సరము సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. 1950 నుండి భారత రూపాయి ఇచ్చట ప్రవేశించెను. కొంతకాలము రెండును ప్రక్కప్రక్కనే చెల్లినవి; అప్పుడును ఏడింటికి ఆరు అను లెక్కయే. తరువాత హాలీ రూపాయి క్రమముగా ఉపసంహరింపబడినది. సైఫాబాదు టంకశాల భారత ప్రభుత్వమునకు చేరినది. "హాలీయా? కల్దారా?" అను ప్రశ్నకు ఇక అవసరము లేకపోయెను.

ప్రజలు ఈ మార్పునకు అలవాటుపడుచుండగనే మరియొక మార్పు వచ్చెను. 1957వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన దేశమంతట దశాంశ పద్ధతి అమలులోనికి వచ్చినది. అంతవరకు రూపాయికి పదునారు అణాలు. ఇకమీదట రూపాయికి నూరు నయాపైసలు. పాత పైసకును కొత్త పైసకును భేదము తెలియుటకై "నయా" అను మాటను చేర్చిరి. 1964వ సంవత్సరము జూన్ 1వ తేదీనుండి దానిని తొలగించిరి. ఈ లెక్కలో అణాకు ఆరుంబావు పైసలు. రెండణాలకు, అనగా బేడకు, పండ్రెండున్నర పైసలు. పావు పైసయు, అర పైసయు ఎక్కడనుండి వచ్చును? అందుచేత అణాయు, బేడయు కొత్తపద్ధతిలో ఇమడలేదు. నాలుగణాలకు మాత్రము సరిగా ఇరువదియైదు పైసలు. ఎనిమిదణాలకు సరిగా ఏబది. అవి చక్కగా ఇమిడినవి. కావుననే ఇరువదియైదు పైసల నాణెమును కోస్తావారు "పావలా" అనియు, తెలంగాణమువారు "చారాణ" అనియు పిలుచుట మానలేదు. ఏబది పైసలది "ఆఠాణ" అయినది. చార్ అనగా నాలుగు, ఆఠ్ అనగా ఎనిమిది. నాణెముపై అణా అను మాట లేదు. ప్రజల నోట అణాయే యుండెను.

ఇంగ్లండులోను ఇట్లే జరిగినది. అచ్చట పూర్వము పౌనుకు ఇరువది షిల్లింగులు, షిల్లింగునకు పండ్రెండు పెన్నీలు. షిల్లింగును ప్రజలు "బాబ్" అనెడివారు. 1971వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన ఆ దేశము కూడ దశాంశ పద్ధతికి మారి, పౌనుకు నూరు పెన్నీలు చేసినది. షిల్లింగు లెక్కనుండి తొలగిపోయెను. "బాబ్" మాత్రము మాటలలో మిగిలెను. ఇంగ్లండు బ్యాంకువారి ఒక పౌను కాగితపు నోటు 1988లో చెలామణినుండి పోయి, దాని స్థానమున నాణెమే నిలిచినది. కాని కాగితమైనను లోహమైనను ప్రజలకు అది "క్విడ్" మాత్రమే.

ఇరువదియైదు పైసల నాణెమును, అంతకు తక్కువ నాణెములను భారత ప్రభుత్వము 2011వ సంవత్సరము జూన్ 30వ తేదీతో రద్దు చేసినది. చారాణ ఆ విధముగా అంగడినుండి వెడలిపోయినది. కాని "చారాణ కోడికి బారాణ మసాల" అను సామెత వెడలిపోలేదు. కోడి వెల నాలుగణాలు; దానిని వండుటకు వేసిన మసాల వెల పండ్రెండణాలు. అసలు వస్తువు కంటె హంగునకే మూడింతలు వ్యయమని దాని భావము. అణాను ఎన్నడును చూడని బాలుడు కూడ ఈ సామెతను విని నవ్వును. అట్లే, కొరత లేనిదానిని "పదహారణాల" అని మెచ్చుకొందురు. రూపాయికి పదునారు అణాలను లెక్క పోయినది. నిండుదనమునకు పదునారే గుర్తుగా నిలిచినది. "చిల్లిగవ్వ లేదు" అను మాటలో, గవ్వలతో బేరములు సాగిన అంతకంటె పాతకాలము నిలిచియున్నది. స్త్రీలు ధరించు కాసులపేరులో కాసు బంగారు బిళ్లయై ఇంకను మెరయుచున్నది.

నేటికాలమున మార్పు మరింత వేగముగా సాగుచున్నది. 2016వ సంవత్సరము నవంబరు 8వ తేదీన ప్రభుత్వము అప్పటి 500, 1000 రూపాయల నోట్ల రద్దును ప్రకటించినది. కొత్తగా వచ్చిన 2000 రూపాయల నోటును 2023వ సంవత్సరమున చెలామణినుండి ఉపసంహరింప నారంభించినది. ప్రజలు వీనిని "పెద్ద నోట్లు" అనిరి. అదే 2016వ సంవత్సరమున సెల్‌ఫోను ద్వారా క్షణములో ధనమును పంపు పద్ధతి దేశమున ఆరంభమైనది. ఇందులో రాగి లేదు, వెండి లేదు, కాగితమును లేదు. ఒక ఖాతాలోని అంకె తగ్గి మరియొక ఖాతాలోని అంకె పెరుగును. అయినను దేవరకొండ సంతలోను, నారాయణపేట చీరల దుకాణములోను ఆ అంకెను కూడ "పైసలు" అనియే అందురు. రాగి పైసకు ఈ విధముగా మూడవ జన్మ కలిగినది.

నాణెమును పురావస్తుశాలలో అద్దపు పెట్టెలో భద్రపరుపవచ్చును. దానిని చూచి, ఎవరు ముద్రించిరో, ఏ సంవత్సరమున ముద్రించిరో తెలిసికొనవచ్చును. కాని దానిని చేతపట్టిన కూలివాడు ఏమి అనుకొనెనో, దేనికి భయపడెనో, ఎట్లు జాగ్రత్తపడెనో తెలిసికొనవలెనన్న ఆతడు వాడిన మాటను వినవలెను. "హాలీ", "కల్దారు", "చారాణ", "బేడ" అను మాటలు ముసలివారి నోట ఎప్పుడైన వినబడినచో, అవి మొరటు మాటలని త్రోసివేయరాదు. వాని యర్థమును అడిగి తెలిసికొనవలెను. ఆ మాటల నెరిగినవారు తగ్గిపోవుచున్నారు. రద్దయిన నాణెమునకు టంకశాల లెక్కలలో గుర్తు మిగులును. అడిగి వ్రాసికొనని మాటకు ఎక్కడను గుర్తు మిగులదు.